నేను చెరిపేసిన ఏడో పాట

రికార్డింగు పని నేర్చుకుంటున్న పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ అందరూ అడిగేది ఒక్కటే: ఇన్నేళ్లలో మీరు చేసిన మంచి రికార్డింగు ఏది అని. ఏ పేరున్న భజన గాయకుడి సంగతో, ఏ పెద్ద జాత్రా కంపెనీ నాటకమో చెబుతానని చూస్తారు. రెండుసార్లు చేయాల్సి వచ్చినది, అంటాను. రెండుసార్లు ఎందుకు అని అడిగినవాళ్లకే మిగతాది చెబుతాను. అడగనివాళ్లు టీ తాగేసి వెళ్లిపోతారు. మీరు అడిగారనే అనుకుంటున్నాను.

బరంపురంలో ఒక ఇరుకు సందులో ఉన్న స్టూడియోలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. పాడేవాళ్లకు ఒక పెద్ద గది, అద్దానికి ఇవతల నాకు ఒక చిన్న గది. ఒడియా భజనలు, తెలుగు భజనలు, ఊరూరా తిరిగి ఆడే ఒడియా జాత్రా నాటకాల సంభాషణలు, ఎన్నికలొస్తే ఆటోల మీద ఊరంతా తిప్పే ప్రచారాలు. ఇవీ మా వంటకాలు. భజన అంటే అయిదు నిమిషాలు. పల్లవి రెండుసార్లు, చరణాలు మూడు, మధ్యలో వేణువు. అయిదు నిమిషాలకు తక్కువైతే దేవుడు చెవి ఒగ్గడని మా గాయకుల నమ్మకం. నాకూ ఆ నమ్మకమే అంటుకుంది.

టేపులు వాడే రోజుల్లో మా యజమాని ఒక నియమం పెట్టాడు. గాయకులు మొదలుపెట్టడం, దగ్గు రావడమో మాట మరిచిపోవడమో జరిగి ఆపేయడం, మళ్లీ మొదలుపెట్టడం మామూలు. అలా ఆగిపోయిన ముక్కలను ఆ సాయంత్రమే చెరిపేయాలి, టేపు ఖాళీ చేయాలి. నిమిషంన్నర దాటలేదంటే అది పాట కాదు, తడబడిన మొదలు. తరవాత కంప్యూటరు వచ్చింది. చోటుకు కరువు లేదు. నియమం పెట్టిన యజమాని కూడా దాన్ని మరిచిపోయాడు. నేను మాత్రం తాళం వేసే ముందు ఇల్లు ఊడ్చినట్టు రోజూ ఆ పని చేసేవాణ్ణి. నా శుభ్రత మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

నేను పని మానేయడానికి రెండేళ్ల ముందు, ఎండలు ముదిరిన రోజుల్లో, ముగ్గురు వచ్చారు. పాడే అమ్మాయి బరంపురంలోనే పాతుకుపోయిన తెలుగువాళ్ల పిల్ల, ఒక చిన్న బళ్లో లెక్కలు చెబుతుంది. డ్రమ్ములు వాయించే అతను ఆంధ్ర సరిహద్దు పల్లె నుంచి వచ్చినవాడు. గిటారు అతను భంజనగర్ ఒడియా అబ్బాయి. తమది రాక్ బ్యాండ్ అన్నారు. రాక్ బ్యాండంటే చింపిరి జుట్టూ చిరిగిన బట్టలూ ఉంటాయనుకున్నాను. వీళ్లు తలలు నున్నగా దువ్వుకుని, చెప్పులు గుమ్మం బయట వరసగా విడిచి లోపలికొచ్చారు. ఆ ఎండలో కూడా ఆ అమ్మాయి మెడచుట్టూ చున్నీ గట్టిగా చుట్టుకుని ఉంది. ఎందుకో నేను అడగలేదు.

పాటలు కూడా వింతవే. ఒకటి ఎడమకాలి చెప్పు పోయిందని. ఒకటి గోపాల్‌పూర్ బస్సులో కిటికీ పక్క సీటు మీద. ఇంకొకటి పెరుగు తోడుకోలేదని, దాన్ని తిట్టిపోస్తూ. సగం తెలుగు, సగం ఒడియా, మా ఊళ్లో కూరగాయల బజారులో మాట్లాడుకున్నట్టే. ముగ్గురూ ఒకే గదిలో కలిసి వాయిస్తాం, విడివిడిగా రికార్డు చేయొద్దు అన్నారు. సరే అని మైకులు పెట్టి అద్దం ఇవతల కూర్చున్నాను. వాళ్లు మొదలుపెట్టడం, నిమిషం కాకముందే టక్కున ఆపేయడం, "ఇంకోటి బాబాయ్" అనడం. మళ్లీ మొదలు, మళ్లీ ఆపడం. మధ్యాహ్నం దాకా ఇదే. కొత్త పిల్లలు, బెదురు, గొంతులు సర్దుకుంటున్నారు, రేపు వచ్చి సరిగ్గా పాడతారు అనుకున్నాను. లోలోపల జాలిపడ్డాను కూడా. పాటలు ఇంతేనా అని నేను అడగలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషికి చెప్పాల్సిన అవసరం ఉంటుందని వాళ్లకు తోచలేదు.

ఆ ముక్కల్లో ఏడోది మాత్రం నన్ను పట్టుకుంది. రైల్వే గేటు పాట. మొత్తం మాటలు ఇంతే:

గేటు పడింది
అటేపు నువ్వు, ఇటేపు నేను
బండి ఎల్లింది, గేటు లెగిసింది
అటేపు నువ్వు నేవు

చివరి మాట అయిపోయాక ఆ అమ్మాయి ఆపలేదు. "నేవు", అంటే లేవు, అన్న మాటనే పట్టుకుని పైకి, ఇంకా పైకి తీసుకెళ్లి, అక్కడ ఒక్క క్షణం నిలబెట్టి, మెట్లు దిగినట్టు కిందికి తెచ్చి వదిలింది. డ్రమ్ముల మోతలో పక్కనున్న ఇద్దరికీ అది వినపడి ఉండదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నాకొక్కడికే వినపడింది. నా ఒళ్లు ఝల్లుమంది. ఎంత మంచి మొదలు, పాట పూర్తి చేయకుండా వదిలేసిందే అని నొచ్చుకున్నాను.

రేపు మధ్యాహ్నం వచ్చి వింటాం అని చెప్పి వాళ్లు వెళ్లారు. సాయంత్రం తాళం వేసే ముందు నేను ఊడ్చేశాను. ఇరవై ఒక్క ముక్కలు. వాటిలో నిమిషంన్నర దాటింది ఒక్కటీ లేదు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. మర్నాడు పొద్దున ఒక జాత్రా కంపెనీ వచ్చి, విలన్ నవ్వుతో సహా మూడు గంటల నాటకం అదే డిస్కులో నింపి వెళ్లింది.

మధ్యాహ్నం ముగ్గురూ వచ్చి కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ఏది, పెట్టండి అన్నారు. నిన్నటివి తీసేశాను కదా, ఇవాళ పాటలు పాడతారేమోననుకున్నాను అన్నాను. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. అవే పాటలు అంది అమ్మాయి. గిటారు అబ్బాయి, బాబాయ్ అనడానికి ఒడియాలో మౌసా అంటూ, ఏ ఫోల్డరులో ఉన్నాయి, నేను వెతుకుతాను అన్నాడు. ఎక్కడా లేవు. తల అడ్డంగా ఊపాను.

డ్రమ్ముల అతను లేచి నా బల్ల దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. వాళ్లది పులివేషానికి డోలు వాయించే ఇల్లు. జాతర రోజుల్లో మా ఊళ్లో పులి ఆడుతూ వీధివీధీ తిరుగుతుంటే వెనక డోళ్లతో నడిచేది వాళ్ల నాన్న, తాత.

"బాబాయ్, పులి ఒక గుమ్మం కాడ ఎంతసేపు ఆడతాది? నిమిషం. ఆ తరవాత పక్క గుమ్మం. ఇక్కడే ఉండిపోతే పక్కింటోలు ఒప్పుకుంతారా? మా పాట ఒక గుమ్మం. అంతే దాని కొలత. నువ్వీ ఊరోడివే, నీకు తెల్దా?" అన్నాడు.

నాకు తెలుసు. బట్టలు వేసుకోవడం రాని వయసు నుంచి ఆ పులుల వెంట పరిగెత్తినవాణ్ణి. మా గుమ్మం ముందు డోలు ఆగిపోగానే పక్కింటి గుమ్మానికి ఉరికినవాణ్ణి. ఆ నిమిషం తక్కువైందని ఏనాడూ అనుకోలేదు. స్టూడియోలో అయిదు నిమిషాల గడియారం ముందు కూర్చుని కూర్చుని, మా ఊరి కొలతే మరిచిపోయాను.

పోనీ వచ్చే వారం మళ్లీ చేద్దాం, నేనే దగ్గరుండి చూసుకుంటాను అన్నాను. అప్పుడు ఆ అమ్మాయి చున్నీ కొంచెం వదులు చేసింది. మెడకు ఒక పక్కన నిమ్మకాయంత వాపు.

"ఎల్లుండి పొద్దుటి బండికి విశాపట్నం ఎల్తన్నాం బాబాయ్. గెడ్డ తీసేత్తారట. ప్రేణానికి బయం నేదన్నారు. గొంతు మాత్రం ముందట్లాగ ఉంటాదని సెప్పలేం అన్నారు. అందుకే ఇన్ని పాటలు ఒక్కరోజే పాడేసినాను" అంది.

గట్టిగా ఒక్క మాట అనలేదు. బళ్లో పిల్లలకు లెక్క అర్థం కాకపోతే మళ్లీ మొదటినుంచి చెప్పినట్టు చెప్పింది. కూతురు వయసు పిల్ల గొంతును నా చేతులతో చెత్తబుట్టలో వేశాను. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అతని దగ్గరికి డిస్కు పట్టుకుని పరిగెత్తాను. ఆయన గంటసేపు కుస్తీపట్టి తీసింది జాత్రా విలన్ నవ్వు ఒక్కటే.

మిగిలింది మధ్యలో ఉన్న ఒక్క రోజు. ఆ రోజంతా స్టూడియో జాత్రా కంపెనీకి రాసిచ్చేశాం. యజమాని దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. పని మానుకుని పొమ్మన్నా తలొంచుకుని పోదామనే సిద్ధపడ్డాను. ఆయన నములుతున్న పాన్ ఉమ్మేసి వచ్చాడు. తరవాత ఫోను తీసి జాత్రా మేనేజరుతో ఒడియాలో, రేపు రావద్దండి, మా మిషను చెడిపోయింది అని చెప్పాడు. ఫోను పెట్టేసి నావైపు తిరిగాడు.

"అబద్ధం సెప్పనేదు. ఆ మిషను నువ్వే" అన్నాడు.

ఈ ఒక్క మాటకే ఆయనకు జీవితాంతం రుణపడి ఉన్నాను. ఆయన అరిచి ఉంటే మర్నాడు నా చేతులు వణికేవి. వణికే చేతులతో ఎవరి గొంతునూ పట్టలేం.

ఆ మర్నాడు నేను చేసిన పనల్లా ఒకటే, వాళ్లు గుమ్మం దాటకముందే రికార్డింగు మొదలుపెట్టి, వాళ్లు వెళ్లిపోయేదాకా ఆపకపోవడం. చెప్పులు విడిచిన చప్పుడు, గ్లాసులో నీళ్లు పోసుకున్న చప్పుడు, గిటారు తీగ సవరించుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. గదిలో చప్పుడని ఫ్యాను ఆపేశాం. అమ్మాయి పాటకూ పాటకూ మధ్య గోరువెచ్చని జీలకర్ర నీళ్లు గుక్కెడు తాగేది, మెడ నిమురుకునేది, మళ్లీ నిలబడేది. డ్రమ్ముల అతను నాతో మాట్లాడలేదు. నావైపు చూడలేదు కూడా. అతని వాయింపు మాత్రం మొదటిరోజు కంటే మెరుగు. కోపం చేతుల్లోకి దిగినట్టుంది.

మా సందులో ఆటోల రొద ఎక్కువ. ఆ రోజు రొద వినపడకపోతే ఏమైందా అని కిటికీలోంచి చూశాను. భారీ మనిషి, మా యజమాని, సందు మొదట్లో చేతులు చాపి నిలబడి ఆటోలను ఆపుతున్నాడు. ఎర్రటి ఎండలో, నెత్తిన తడి తువ్వాలుతో. పాట అయిపోయిందని నేను కిటికీ రెక్క ఊపితే వదిలేవాడు, మళ్లీ ఊపితే ఆపేవాడు. ఆటోవాళ్లు తిట్టుకున్నారో నవ్వుకున్నారో తెలియదు. సాయంత్రానికి ఆయన ముఖం కందిపోయింది. ఆయన భార్య పంపిన పొఖాళ చద్దన్నం గిన్నె ముట్టుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఆరు పాటలు చక్కగా వచ్చాయి. ఏడోది మొదలవగానే నేను ఊపిరి బిగబట్టాను. గేటు పడింది, బండి వెళ్లింది, గేటు లేచింది. "అటేపు నువ్వు నేవు" అని ఆపేసింది. పైకి వెళ్లలేదు.

నేను మైకులో, అమ్మా, మొన్న చివర్లో పైకి తీసుకెళ్లావు కదా, అది కూడా పాడు అన్నాను. ఏటి తీసుకెళ్లాను అంది. నిజంగానే ఆమెకు గుర్తులేదు. ఆ క్షణంలో వచ్చింది, పాడింది, పోయింది. మిగతా ఇద్దరినీ అడిగితే, మాకు వినపడలేదన్నారు. నేను మాటల్లో చెప్పడానికి తంటాలు పడ్డాను. పైకి వెళ్లి, కాసేపు ఆగి, మెట్లు దిగినట్టు అని చేతులు ఊపాను. మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి గొంతు బొంగురుపోయింది. ఇంకా పద్నాలుగు పాటలున్నాయి. సరే బాగుంది, ముందుకు పోదాం అన్నాను.

పాడి వినిపించి ఉండొచ్చు కదా అని మీరు అడుగుతారు. అదే నా రెండో తప్పు. ముప్పై ఏళ్లలో ఎందరో గాయకులకు అక్కడ తగ్గింది, ఇక్కడ జారింది అని చెప్పినవాణ్ణే గానీ, స్టూడియోలో ఏనాడూ నోరు విప్పి ఒక్క ముక్క పాడినవాణ్ణి కాదు. నాది కాకిగొంతు. నలుగురి ముందు పాడడానికి సిగ్గుపడ్డాను. చెరిపేసింది తెలియక. ఇది మాత్రం తెలిసి చేసింది.

సాయంత్రానికి ఇరవై ఒక్క పాటలూ అయ్యాయి. అన్నీ కలిపినా అరగంట లేవు. వాళ్ల ముందే మూడు చోట్ల దాచాను. ఒక పెన్‌డ్రైవ్ ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చున్నీ కొంగున ముడివేసుకుని వెళ్లింది.

ఆ ముగ్గురికీ నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఊళ్లో ఎక్కడా నా తప్పు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏ గాయకుడూ మా గుమ్మం తొక్కేవాడు కాడు. తరవాత వచ్చిన జాతరలో పులి మా ఇంటి ముందుకు వచ్చింది. డోలు వాయిస్తున్నది మా డ్రమ్ముల అతనే. నన్ను చూసి నవ్వలేదు. కానీ సరిగ్గా నిమిషం వాయించి, పక్క గుమ్మానికి కదలబోయి, వెనక్కి తిరిగి ఇంకో నిమిషం వాయించాడు. పక్కింటావిడ గొణిగింది. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చేశాను. సిగ్గుపడలేదు.

జాతర గురించి ముందే చెప్పేశాను గానీ, దానికి ముందు జరిగింది ఒకటుంది. ఆపరేషన్ అయిన అయిదారు వారాలకు ఆ అమ్మాయి ఒంటరిగా స్టూడియోకి వచ్చింది. మెడ మీద సన్నటి కుట్ల గీత. ఇక చున్నీ చుట్టుకోలేదు. గొంతు దిగిపోయింది, గరగరలాడుతోంది. పిల్లలకు లెక్కలు చెప్పగలుగుతున్నానంది. పై స్థాయి పోయింది, ఇక రాదు అన్నారట. రానిదానికి ఎదురుచూడడం మానేసి, కింది స్థాయిలో కొత్త పాటలు కడుతున్నామంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన ఇరవై ఒక్క పాటలూ మొదటినుంచి చివరిదాకా వింది. నేను ఆమె ముఖం చూడలేక కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను.

హెడ్‌ఫోన్లు తీసి, సూటిగా అడిగింది.

"బాబాయ్, మీరొక్కరే రెండూ ఇన్నారు. నిజం సెప్పండి. ఏది బాగుంది, ముందుదా, ఎనకదా?"

అబద్ధం చెప్పడం సులువే. అదే మర్యాద కూడా. ఇరవై పాటలు రెండోరోజువే బాగున్నాయి తల్లీ, నిజంగా, అన్నాను. గేటు పాట మాత్రం మొదటిరోజుదే అన్నాను. ఆమె బాధపడుతుందనుకున్నాను. ఆమె కుర్చీలో ముందుకు జరిగింది.

"మీకు గుర్తుందా అది?"

"రోజూ గుర్తొత్తాది."

"అయితే పాడండి. నేనిప్పుడు పాడలేను కదా. మీ కాడ తప్ప అది ఇంకెక్కడా నేదు."

నాకు కాకిగొంతమ్మా అన్నాను. ఇప్పుడు నాది కూడా అంతే కదా అని నవ్వింది. లేచి, నన్ను అద్దం అవతలి గదిలోకి నడిపించి, మైకు ముందు నిలబెట్టింది. అన్నేళ్లు ఆ గదిని అద్దంలోంచి చూసినవాణ్ణి, లోపలినుంచి చూడడం అదే మొదలు. నా కుర్చీలో ఆమె కూర్చుంది. ఎర్రదీపం వెలిగింది. కళ్లు మూసుకుని, "నేవు" అన్న మాట పట్టుకుని పైకి వెళ్లాను. నా గొంతు వెళ్లగలిగినంత పైకి. అక్కడ కాసేపు వణికి, ఒక్కో మెట్టే దిగాను. కళ్లు తెరిచేసరికి అద్దం అవతల ఆమె రెండు చేతులతో హెడ్‌ఫోన్లు అదిమి పట్టుకుని ఉంది. చెంపల మీద కన్నీళ్లు, ముఖంలో నవ్వు. బాగుందా అని సైగ చేశాను. ఇలాగేనా నేను పాడింది అని తనలో తాను అనుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

ఆల్బమ్ బయటికి వచ్చి చాలాకాలమైంది. దొరికితే వినండి, అరగంట పట్టదు. అట్ట మీద ఒంటి చెప్పు బొమ్మ ఉంటుంది. అందులో పాటలు ఇరవై ఒకటి కాదు, ఇరవై రెండు. చివరిది ఒక ముసలి కాకిగొంతు, పదకొండు సెకన్లు. దాన్ని ఇప్పటిదాకా ఎవరూ చెరపలేదు.